సున్నాకంటే తక్కువ వెలుతురు

మా తమ్ముడు అప్పలకొండ గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు వాడి చొక్కా మీద ఉన్న రక్తం వాడిది కాదు. నాకు ముందు ఆ సంగతి తెలియక చేతిలో చెంబు పడేసి వాడి తలా మెడా చేతులూ తడిమి చూశాను. ఎక్కడా గాయం లేదు. కుడిచేతి కణుపుల మీద మాత్రం తోలు లేచిపోయింది. వాడు నన్ను పక్కకు జరిపి పెరట్లోకి వెళ్ళి కుళాయి కింద కూర్చున్నాడు. నీళ్ళు ఎర్రగా కాలవలోకి పోతుంటే వాటివంక చూడకుండా, అనసూయ ఇంట్లో ఉందా అని అడిగాడు.

అది 1997 డిసెంబరు మొదటి వారం. మేము భీమిలి దగ్గరి పల్లెనుంచి ఖరగ్‌పూర్ వచ్చిన వాళ్ళం. మా ఆయన గోల్‌బజార్‌లో ఎండుచేపల కొట్టు నడిపి నడిపి పోయాడు. ఆ తరవాత నేనూ నా కూతురు అనసూయా తాల్‌బగీచాలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. అప్పలకొండ మాత్రం సముద్రాన్ని వదల్లేదు. దీఘా దగ్గర ఒక రేవులో మనవాళ్ళ మోటారు పడవలు నాలుగుంటే, నాలుగింటికీ వాడే పెద్ద.

అనసూయ ఒక చిన్న సర్వే సంస్థలో కంప్యూటరు ముందు కూర్చుని పని చేసేది. ఉపగ్రహం పైనుంచి సముద్రాన్ని తీసిన బొమ్మలు టేపులకెక్కి హైదరాబాదునుంచి రైల్లో వచ్చేవి. ఆ బొమ్మల్లో నీటి రంగు చూసి నాచు ఎక్కడ దట్టంగా ఉందో తేల్చాలి. నాచు ఉన్నచోటికి చిన్నచేప వస్తుంది, దాని వెనక పెద్దచేప వస్తుంది. నీలం నీరు ఖాళీ, పచ్చనీరు పంట అని అది నాకు చెప్పింది. ఆ ఏడు కార్తీకం నుంచీ అప్పలకొండ వలలు ఖాళీగా వస్తున్నాయి. వాడు మేనకోడల్ని బతిమాలాడు. అది తన పై ఆఫీసరు ఊళ్ళో లేని వారం చూసి, ఆయన ఇంకా సరిచూడని పటం ఒకటి నకలు తీసి మావ చేతిలో పెట్టింది. రేవుకు తూర్పున, ఇసకదిబ్బ చుట్టూ, పది మైళ్ళ నీరు ఆ పటంలో పసిరిక రంగులో మెరుస్తోంది.

ఇప్పుడు వాడు అక్కణ్ణుంచే వచ్చాడు.

అన్నం పెడితే ముట్టకుండా జరిగింది చెప్పాడు. ఆ దిబ్బ చుట్టూ వెదురు గెడలు పాతి సంచివలలు కట్టుకునేది నిమాయ్ మైతి మనుషులు. నిమాయ్ కాంథీ వైపు బెంగాలీ, ముసలివాడు. అప్పలకొండకు పాతికేళ్ళుగా తెలిసినవాడు. ఒకరికి ఐసు తక్కువైతే ఒకరు ఇచ్చుకునేవాళ్ళు. ఆవేళ మన పడవలు మూడుసార్లు వల లాగితే మూడుసార్లూ బురదే వచ్చింది. అప్పుడు మావాళ్ళకు ఒకటే తోచింది. పటం చేప ఉందంటోంది, మన వలలో లేదు, అంటే చేపంతా నిమాయ్ సంచుల్లోకి పోతోంది. పడవలో ఉన్న దేముడనే కుర్రాడు కత్తి తీసి ఒక సంచివల తాడు కోశాడు. అవతలి పడవలోంచి ఒకడు తెడ్డుతో దేముణ్ణి భుజం మీద కొట్టాడు. అప్పలకొండ చుక్కాని ఇనప పిడి ఊడదీసి, ఆ కొట్టినవాడి దవడ విరిచాడు. పళ్ళు పడవ బల్లమీద చింతగింజల్లా దొర్లాయని వాడే చెప్పాడు. చెబుతూ తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

అనసూయ ఒకటే అడిగింది, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయని.

"పాలెక్కువైన టీ నాగున్నాయి," అన్నాడు. "అరిసేతిలోకి తీసి సూసినాను. బురద. కానమ్మీ, కాయితం అబద్దం ఆడదు గదా?"

ఉపగ్రహం మనిషి కంటికంటే ఎక్కువ చూస్తుందని అనసూయ గట్టిగానే చెప్పింది. నాకు దాని గొంతులో ఏదో తడబాటు వినిపించింది. వాడికి వినిపించలేదు. వాడికి కావలసిన మాట దొరికింది.

నేను చదువుకున్నదాన్ని కాను. చేపలు పొట్లం కట్టడానికి తెచ్చిన పాత పేపర్లలో ముప్పయ్యేళ్ళ వయసులో అక్షరాలు కూడబలుక్కున్నాను. తరవాత అనసూయ స్కూలు పుస్తకాలు దానితోబాటే చదివాను. ఇంట్లో కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. మర్నాడు అది మంచంమీద వదిలేసి వెళ్ళిన నోటుపుస్తకం తెరిచాను. పటం తాలూకు అంకెలు వరసగా ఉన్నాయి. నీలం వెలుతురు అని రాసిన వరసలో, దిబ్బ చుట్టూ ఉన్న గళ్ళలో, అంకెల ముందు చిన్న అడ్డగీతలున్నాయి. మైనస్ నాలుగు. మైనస్ ఏడు. పక్కన ఎర్రసిరాతో 'సున్నా చేశాను' అని రాసుకుంది.

సాయంత్రం వంటింట్లో దాన్ని నిలేశాను. "ఒలే, ఎలుతురు సున్నాకన్నా తక్కువెలాగుంటాదే?"

అది నవ్వింది. మిషన్లు అంచుల్లో అలా తప్పుతాయమ్మా, అలాంటివాటిని సున్నా చేసేస్తాం అంది. సరే, నాకేం తెలుసని ఊరుకున్నాను. కాని బియ్యం కడుగుతున్నంతసేపూ నాకదే తిరిగింది. కుండలో నీళ్ళు లేకపోతే లేవంటాం. లేనిదానికంటే తక్కువ ఉన్నాయని ఎవరంటారు? లేనిది కూడా తీసేసుంటే తప్ప?

బుధవారం నేను గోల్‌బజార్ వెళ్ళాను. చేపల షెడ్డులో చిన్నారావు అనే మనవాడి కొట్టు ఉంది. దేముడు భుజానికి కట్టుతో, రేవునుంచి తెచ్చిన బుట్ట దించుతున్నాడు. నన్ను చూసి, అత్తా, ఇయ్యాల పండుగొప్ప ఒకటే దొరికింది, నీకే దాచినాను అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే ఆరుగురు వచ్చారు. ఎక్కడా పరుగు లేదు, అరుపు లేదు. ఇద్దరు దేముణ్ణి రెక్కలు పట్టుకున్నారు. ఒకడు, చేపలు తరిగే ఆవిడ ముందున్న నిలువు కత్తిపీటను కాలితో దగ్గరకు లాగాడు. మా వల కోసిన చెయ్యి ఏదని బెంగాలీలో నెమ్మదిగా అడిగాడు. దేముడు పిడికిలి బిగించాడు. వాళ్ళు ఒక్కొక్క వేలే విప్పారు. కత్తిపీట మీద రెండు వేళ్ళు నొక్కినప్పుడు వచ్చిన చప్పుడు, పెద్దచేప ముల్లు తెగినప్పుడు వచ్చే చప్పుడే. ఎన్నో ఏళ్ళుగా వింటున్న చప్పుడు. వేళ్ళు చేప పొలుసుల్లో పడ్డాయి. షెడ్డులో అంతమంది ఉన్నారు. చిన్నారావు తక్కెడ గొలుసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేనూ అలాగే నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళిపోయాక నా పైట చింపి దేముడి చేతికి చుట్టాను.

ఆ సాయంత్రమే కబురు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం పోటుకు నాలుగు పడవలూ దిబ్బ దగ్గరికి వెళ్ళి నిమాయ్ గెడలన్నీ పీకేస్తాయి. ఎవరు అడ్డం వస్తే వాళ్ళని నరుకుతారు. దేముడు కుడిచెయ్యి కట్టుతోనే పడవ ఎక్కుతానన్నాడట.

శనివారం అనసూయ మధ్యాహ్నానికే ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండా వచ్చి గచ్చుమీద కూర్చుంది. రెండు రోజులుగా ఆ టేపును మళ్ళీ మొదటినుంచీ లెక్కకట్టిందట. నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది, తనకే చెప్పుకుంటున్నట్టు.

పైనుంచి చూసే ఉపగ్రహానికి చేరే వెలుతురులో పదింట తొమ్మిది వంతులు గాలిది. దుమ్ము, పొగ, తేమ, ఆకాశం. నీటిది ఒక్క వంతే. ముందు గాలి వంతు ఎంతో కనుక్కుని తీసెయ్యాలి. దానికో పద్ధతి ఉంది. లోతైన స్వచ్ఛమైన సముద్రం, కంటికి కనపడని ఒక రకం ఎరుపు వెలుతురును మొత్తం మింగేస్తుంది, ఏమీ తిరిగి పంపదు. ఆ ఎరుపులో చూస్తే అది బొగ్గులా ఉంటుంది. కాబట్టి ఆ నల్లనీటి మీద ఏ కొంచెం మెరిసినా అది గాలి మెరుపే. ఆ మెరుపును బట్టి మిగతా రంగుల్లో కూడా గాలి ఎంతో లెక్కకట్టి, బొమ్మ అంతటినుంచీ తీసేస్తారు. ఆ రోజు బొమ్మలో లోతు సముద్రం వైపంతా మబ్బు. నల్లనీరు కనపడలేదు. అందుకని అనసూయ మిగిలినదాంట్లో అన్నిటికంటే నల్లగా కనిపించినచోటును తీసుకుంది. ఆ చోటు దిబ్బ పక్కన ఉంది.

"నాను గాలనుకున్నది బురదమ్మా," అంది. "బురద మెరిసింది. ఆ మెరుపు గాలిదనుకుని తీసేసినాను. నీలం అంతా పోయింది. పచ్చ మిగిలింది. మావ అరిసేతిలో తీసి సూసిందే నిజం."

నువ్వు ఆవేళ మైనస్ గురించి అడిగినప్పుడే నేను ఆగి ఉండాల్సింది అని కూడా అంది. తెల్లవారగానే మొదటి బస్సుకు రేవుకు వెళ్తానంది. పడవలు కదిలేలోగా మావకు చెప్పాలి. ఈ తప్పుకు ఒకడి దవడ, ఒకడి వేళ్ళు పోయాయి. రేపు ఇంకేం పోతాయో.

నేను సరేనన్నాను. పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు.

మా నాన్నా, నా పెద్దకూతురూ, మా ఆయనా, ముగ్గురూ పొద్దుటిపూటే గుమ్మం దాటారు. నాన్న పడవ తిరిగి రాలేదు. పెద్దది పరీక్షకు వెళ్తూ లెవెల్ క్రాసింగ్ దగ్గర పోయింది. మా ఆయన బాలాసోర్ బస్సులో పోయాడు. ముగ్గురికీ చెప్పులు అందించింది నేనే. ముగ్గురికీ తొందరగా రమ్మని చెప్పింది నేనే. ఇక అప్పలకొండ సంగతి. గాలి తప్పు లెక్కపెట్టి వలలు పోగొట్టావని నలుగురిలో అన్నందుకు, వాడు సొంత పెళ్ళాం చెయ్యి తెడ్డుతో విరిచాడు. ఆమె పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. అలాంటివాడి దగ్గరికి, నాలుగు పడవల జనం కత్తులు పట్టుకుని ఉన్నచోటికి, నా పిల్ల వెళ్ళి, నీ చేతిలో పెట్టింది తప్పుడు పటం అని చెబుతుంది. బతకనిస్తారా?

తెల్లవారి అనసూయ పెరట్లో మొహం కడుక్కుని గదిలోకి చీర మార్చుకోవడానికి వెళ్ళింది. నేను బయట గడియపెట్టి తాళం వేశాను.

అది మొదట నవ్వుతూ తలుపు తట్టింది. తరవాత బతిమాలింది. తరవాత తలుపును కాళ్ళతో తన్నింది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి నా జుట్టు పట్టుకుంది. నేను ఊచల సందులోంచి దాని చెంపమీద కొట్టాను. పుట్టాక దాన్ని నేను కొట్టడం అదే మొదలు. దాని పెదవి చిట్లింది.

"పోనీ ఫోనైనా సెయ్యమ్మా," అంది. "రేవుకాడి ఐసు ఫ్యాక్టరీ నెంబరు నోటుబుక్కు ఎనకాతల ఉంది. అక్కడ సేపల్నేవని ఒక్క ముక్క సెప్పు. మా అమ్మవి గదా."

నేను నెంబరు చీటీ పట్టుకుని వీధి చివర ఎస్‌టీడీ బూతుకు వెళ్ళాను. పది గంటలు అవుతోంది. అవతల ఎవరో ఎత్తారు. అప్పలకొండ అక్కడే ఉన్నాడు, ఐసు ఎత్తిస్తున్నాడు. పిలుస్తానుండండి అన్నారు. ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు వినిపిస్తోంది. వాడు వస్తాడు. ఎవరు చెప్పారే అప్పా అంటాడు. అనసూయ అంటాను. ఆ తరవాత?

వాడు ఫోనులో "ఎవుల్రా?" అన్నాడు. నేను పెట్టేశాను.

ఇంటికి వచ్చి, చెప్పానని అనసూయతో అన్నాను. అది ఊచలు వదిలి మంచంమీద పడి నిద్రపోయింది. రెండు రోజుల నిద్ర అది. నేను గుమ్మంలో కూర్చుని పన్నెండు గంటలు, ఒంటి గంట, రెండు గంటలు లెక్కపెట్టాను.

జరిగినది తరవాత అందరూ చెప్పారు. నిమాయ్ మనుషులు కాచుకుని ఉన్నారు. వెదురు గెడల చివరలు చెక్కి ఈటెల్లా చేసుకున్నారు. మొదటి పడవ దిబ్బ దగ్గరికి రాగానే ఒక గెడ దేముడి రొమ్ములోంచి వీపులోకి వచ్చింది. వాడు నీళ్ళలో పడ్డాడు, గెడ తేలుతుంటే దానితోబాటు వాడూ తేలాడు. అప్పలకొండ అవతలి పడవలోకి దూకి, ఐసు కొట్టే గొడ్డలితో నిమాయ్‌ను తలమీద వేశాడు. ఒకసారి కాదు. ముసలివాడు కిందపడ్డాక కూడా ఆపలేదు. నిమాయ్ చెయ్యి అడ్డం పెట్టుకుని, కొండా, కొండా అని పేరుపెట్టి పిలిచాడట. మిగిలినవాళ్ళు విడదీసేసరికి గొడ్డలి పిడి జారిపోతోందట తడికి.

సోమవారం నిమాయ్ ఊరివాళ్ళు రేవులో మన పడవలు రెండు తగలబెట్టారు. మంగళవారం పొద్దున్న మా ఊళ్ళోనే ట్రాఫిక్ కాలనీలో దేముడి చుట్టాలు ఒక లారీ ఆపి, అందులో ఇనప రాడ్లు ఎక్కిస్తున్నారని జనం చెప్పుకున్నారు. నలభై మంది. వాళ్ళు వెళ్ళేది పడవలమీదికి కాదు, నిమాయ్ ఊరిమీదికి. ఇళ్ళల్లోకి.

ఆవేళ తొమ్మిదింటికి అప్పలకొండ మా పెరటివైపునుంచి వచ్చాడు. పోలీసులు వెతుకుతున్నారు. వాడి కళ్ళు పీక్కుపోయాయి. గోళ్ళ కింద నల్లగా ఎండి ఉంది. అనసూయను చూసి చెయ్యి చాపాడు.

"ఆ కాయితం ఇంకోటుంటే ఇయ్యమ్మీ," అన్నాడు. "నాది తడిసిపోనాది. లారీవోల్లకి సూపించాలి. దేనికోసం సచ్చినాడో దేముడి తమ్ముడికి తెలవాల."

అనసూయ నావైపు చూసింది. ఆదివారం నేను ఫోనులో చెప్పలేదన్న సంగతి దానికి అప్పటికే అర్థమైపోయింది. అది నోరు తెరవబోతుంటే నేను అడ్డం వెళ్ళాను. ఈసారి ఆ మాట నేనే అనాలి.

"అక్కడ సేపల్నేవురా," అన్నాను. "ఎప్పుడూ నేవు. కాయితం తప్పు."

వాడు నన్ను చూడలేదు. మేనకోడల్నే చూశాడు. అది గచ్చుమీద వాడి ఎదురుగా కూర్చుని, గాలి, బురద, నల్లనీరు అంతా చెప్పింది. వాడు ఒక్కసారీ అడ్డం రాలేదు. పడవమీద కొత్తవాడికి చెప్పినంత ఓపికగా అది చెప్పింది, అంత ఓపికగా వాడు విన్నాడు.

"ఎప్పుడు తెలిసినాది?" అన్నాడు.

"సెనివారం."

"ఆదోరం రానేదేం?"

నేను చెప్పాను. తాళం వేశానని చెప్పాను. ఫోనులో నీ గొంతు విని పెట్టేశానని చెప్పాను.

వాడు లేచాడు. నా జుట్టు పట్టి తలుపుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టినప్పుడు నోట్లో పన్ను కదిలి ఊడింది. వదిలేస్తే పడ్డాను, చెయ్యి కిందపడి మణికట్టు విరిగింది. ఆ విరిగిన చప్పుడు నాకు బయటనుంచి వినపడ్డట్టుంది. వాడు కాలెత్తాడు. అనసూయ నామీద పడుకుంది. వాడి కాలు గాల్లోనే ఆగింది, మళ్ళీ నేలమీద ఆనింది. నేను దేనికి భయపడి తాళం వేశానో అది జరగలేదు. అనసూయను వాడు వేలితో కూడా ముట్టుకోలేదు.

"పద అమ్మీ," అన్నాడు. "ఆల్లకి కూడా సెప్పాల. నువ్వు సెప్పినట్టు నాకు రాదు."

నేను విరిగిన చెయ్యి పైటలో కట్టుకుని రిక్షా ఎక్కి వాళ్ళ వెనక ట్రాఫిక్ కాలనీకి వెళ్ళాను. లారీ ఇంజను ఆన్ చేసి ఉంది. అప్పలకొండ దానిముందు నిలబడ్డాడు. అనసూయ చెప్పడం మొదలుపెట్టింది. నలభై మందిలో ఒక్కడికీ అర్థం కాలేదు, వినే స్థితిలోనూ లేరు. అప్పుడు వాడు దాన్ని వెనక్కి నెట్టి చెప్పాడు.

"అక్కడ సేపల్నేవు. నిమాయ్ మనదేటీ తిన్నేదు. తాడు కోసింది మనం. ముసిలోణ్ణి నాను ఊరకనే సంపినాను."

తరవాత దేముడి తమ్ముడు సూసన్న లారీమీంచి దిగి రాడ్డుతో వాడి మోకాలు మీద కొట్టాడు. మా అన్న ఊరకనే చచ్చాడా అని అడుగుతూ కొట్టాడు. ఆ తరవాత అందరూ దిగారు. అప్పలకొండ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అనసూయ వాళ్ళ కాళ్ళ మధ్యలోంచి దూరి వాణ్ణి పట్టుకుంటే దాని వీపుమీద కూడా దెబ్బలు పడ్డాయి. నేను రోడ్డుమీద మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్కడి పేరూ పెట్టి పిలిచాను. కొందరి పేర్లు తెలుసు, చాలామందివి తెలియవు. పోలీసు జీపు వచ్చేసరికి రాడ్లు లారీలో లేవు, రోడ్డుమీద ఉన్నాయి. ఆ లారీ ఆవేళ ఎక్కడికీ వెళ్ళలేదు.

వాడి కాలు మోకాలి దగ్గర తీసేశారు. కోర్టులో వాడు వకీలు చెప్పమన్నదేదీ చెప్పలేదు, గొడ్డలి ఎన్నిసార్లు వేశాడో కూడా గుర్తున్నంతవరకు చెప్పాడు. యావజ్జీవం వేశారు. అనసూయ తన తప్పు ఆఫీసులో రాసిచ్చింది. వాళ్ళు పనిలోంచి తీసేశారు. నిమాయ్ భార్య దగ్గరికి కూడా వెళ్ళింది. ఆవిడ పొయ్యిలోంచి కాలుతున్న కట్టె తీసి విసిరింది. చెవి పక్కన మచ్చ ఉండిపోయింది. ఇప్పుడు ట్యూషన్లు చెబుతోంది. నాతో అవసరమైనంతవరకు మాట్లాడుతుంది.

మేదినీపూర్ జైల్లో నెలకొకసారి చూడనిస్తారు. ఇప్పటికి రెండేళ్ళయింది. అనసూయ వెళితే వాడు కర్రలమీద నడుచుకుంటూ ఇనప వల జాలీ దగ్గరికి వస్తాడు. గంటసేపు మాట్లాడుకుంటారట. ఏం మాట్లాడుకుంటారో అది చెప్పదు, నేను అడగను.

పోయిన నెల దానికి జ్వరమొస్తే నేనే వెళ్ళాను. చీటీమీద నా పేరు నేనే రాశాను, చుట్టరికం అనేచోట అక్క అని రాశాను. బల్లమీద కూర్చున్నాను. పక్కన ఒకావిడ కొడుక్కి తెచ్చిన జామకాయలు ఒడిలో పెట్టుకుని తుడుస్తోంది. వార్డరు లోపలికి వెళ్ళి వచ్చి, ఆ పిల్ల కూడా వచ్చిందా అని అడుగుతున్నాడమ్మా అన్నాడు. వచ్చి ఉంటే వస్తాడట.

నేను ఒక్కదాన్నే వచ్చానని చెప్పాను. అతను చీటీ బల్లమీద పెట్టి తరవాతి పేరు పిలిచాడు.